పాత కంప్యూటర్‌లోనూ మీ పీపీటీ పలకాలంటే



మన పాఠశాలల్లో పీపీటీ అన్న మాట వినపడని వారం ఉండదు. సెలవుల హోంవర్కు, సామాజిక శాస్త్రం ప్రాజెక్టు, ప్రార్థన సభలో ప్రత్యేక కార్యక్రమం, 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' దినం, ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, అన్నింటికీ నాలుగు స్లైడ్లు కావలసిందే. ఇంట్లో నాన్నగారి ల్యాప్‌టాప్‌లోనో, పక్క క్వార్టర్స్‌లో ఉండే అన్నయ్య కంప్యూటర్‌లోనో రాత్రి పదకొండు వరకు కూర్చుని చేస్తారు. అక్కడ అంతా చక్కగా కనిపిస్తుంది. తెల్లవారి స్కూలు ల్యాబ్‌లో పెన్‌డ్రైవ్ పెట్టేసరికి కథ మారిపోతుంది. ఫైలు తెరుచుకోదు. తెరుచుకుంటే అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి. బొమ్మలు వస్తే పాట రాదు. అన్నీ వస్తే ప్రొజెక్టర్ మీద సగమే పడుతుంది.

ఇది మీ తప్పు కాదు, ల్యాబ్ సార్ తప్పు కూడా కాదు. ఇంట్లోని కంప్యూటర్‌కూ స్కూల్లోని కంప్యూటర్‌కూ మధ్య పదేళ్ల వయసు తేడా ఉంటే ఈ ఇబ్బందులు వస్తాయి. వీటిలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కారణం తెలిస్తే ముందుగానే జాగ్రత్త పడవచ్చు. బదిలీల మీద ఊళ్లు మారే మనకు ఇది మరీ అవసరం. ఈ ఏడు చదివే స్కూల్లో కొత్త కంప్యూటర్లు ఉండవచ్చు, వచ్చే ఏడు వెళ్లే చోట పాతవి ఉండవచ్చు. ఏ చోటికి వెళ్లినా మీరు చేసిన పని అక్కడ నడవాలి.

ముందుగా కంప్యూటర్ వయసు తెలుసుకోండి

స్లైడ్లు మొదలుపెట్టక ముందే, మీరు ఏ కంప్యూటర్ మీద చూపించబోతున్నారో దాని వివరాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటను నొక్కి పట్టుకుని 'పాజ్' మీట నొక్కితే విండోస్ ఏ రకమో, ర్యామ్ ఎంతో, 32 బిట్‌దో 64 బిట్‌దో ఒకే చోట కనిపిస్తుంది. పవర్‌పాయింట్ తెరిచి అది 2003దా, 2007దా, 2010దా, 2013దా అన్నది కూడా చూసుకోండి. ల్యాబ్ పీరియడ్‌లో రెండు నిమిషాల పని ఇది.

పవర్‌పాయింట్ 1987లో మొదట మాకింటోష్ కంప్యూటర్ల కోసం వచ్చింది. ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థ దాన్ని తయారుచేసింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది. విండోస్ కోసం 1990లో వచ్చింది. అప్పటి నుంచి కొన్నేళ్లకోసారి మారుతూనే ఉంది. ఒక సాధారణ సూత్రం గుర్తుంచుకోండి. పాత పవర్‌పాయింట్‌లో చేసింది కొత్తదానిలో దాదాపు ఎప్పుడూ తెరుచుకుంటుంది. కొత్తదానిలో చేసింది పాతదానిలో తెరుచుకుంటుందన్న హామీ లేదు. అందువల్ల రెండింటిలో ఏది పాతదో చూసి, దానికి తగ్గట్టుగా తయారు చేసుకోవాలి.

ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు

ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చే అక్షరాలు దాని జాతిని చెబుతాయి. 2003 వరకు పవర్‌పాయింట్ ఫైళ్లు '.పీపీటీ'గా ఉండేవి. 2007 నుంచి '.పీపీటీఎక్స్' అయ్యాయి. 2003 ఉన్న కంప్యూటర్‌కు ఈ కొత్త జాతి తెలియదు. కాబట్టి అలాంటి చోటికి వెళ్లేటప్పుడు 'సేవ్ యాజ్' నొక్కి '97-2003' అని ఉన్న రకం ఎంచుకుని మరో ప్రతి దాచుకోండి. అలా దాచినప్పుడు కొన్ని సొగసులు పోతాయి. ఉదాహరణకు స్మార్ట్‌ఆర్ట్‌తో గీసిన పటం మామూలు బొమ్మగా మారిపోతుంది. చూపించడానికి పనికొస్తుంది, మార్చడానికి కుదరదు.

కొన్ని ల్యాబ్‌లలో విండోస్ బదులు లినక్స్ ఉంటుంది. మన దేశంలో సీ-డాక్ సంస్థ తయారుచేసిన 'బాస్' కూడా లినక్స్ జాతిదే. అక్కడ పవర్‌పాయింట్ ఉండదు, లిబ్రే ఆఫీస్‌లోని 'ఇంప్రెస్' ఉంటుంది. అది పీపీటీఎక్స్ ఫైళ్లను తెరుస్తుంది. కానీ అక్షరాల చోటు, యానిమేషన్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఇంప్రెస్ ఉచితం కనుక ఇంట్లో కూడా వేసుకుని ఒకసారి తెరిచి చూసుకోవచ్చు.

అన్నిటికన్నా నమ్మకమైన రకం పీడీఎఫ్. అక్షరాలు, బొమ్మలు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉంటాయి. ఫాంట్ కూడా దానిలోనే కలిసి వెళ్తుంది. యానిమేషన్లు, పాటలు మాత్రం రావు. పీడీఎఫ్ తెరిచాక అడోబ్ రీడర్‌లో కంట్రోల్ పట్టుకుని 'ఎల్' నొక్కితే తెర నిండా వస్తుంది. బాణం మీటలతో స్లైడ్ల లాగే ముందుకు వెళ్లవచ్చు. పీపీటీ ఎంత బాగా వచ్చినా, పక్కన ఒక పీడీఎఫ్ ప్రతి లేకుండా స్కూలుకు రాకండి.

తెలుగు అక్షరాలు డబ్బాలు ఎందుకవుతాయి?

మన పత్రికలో ఈ విషయం రాయడానికి అసలు కారణం ఇదే. నేను పనిచేసిన ఒక దూరపు ఊరి పాఠశాలలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె బతుకమ్మ పండుగ మీద స్లైడ్లు చేసింది. తంగేడు, గునుగు పూల ఫోటోలు వాళ్ల అమ్మమ్మ ఊరి నుంచి తెప్పించుకుంది. ప్రతి స్లైడ్ పైన పేరు తెలుగులో, కింద వివరం హిందీలో పెట్టింది. తరగతిలో తెలుగు చదవగలిగినది తనొక్కతే. తెర మీద హిందీ బాగానే వచ్చింది, తెలుగు ఉన్న చోట మాత్రం వరుసగా ఖాళీ చతురస్రాలు వచ్చాయి. ఒక పిల్లవాడు వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు: "మీ భాషలో అక్షరాలన్నీ ఇలా ఒకేలా ఉంటాయా?" ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తోచలేదు. మరుసటి వారం అదే పాఠాన్ని, తెలుగు పేర్లను బొమ్మలుగా మార్చి మళ్లీ చూపించింది. ఆ పిల్లవాడే బోర్డు మీదకు వచ్చి 'బ' రాయడం నేర్చుకున్నాడు. మన అక్షరాలను మొదటిసారి చూసేవాళ్లకు అవి సరిగా కనిపించాలి. దానికి కొంచెం సాంకేతికం తెలుసుకోవాలి.

కంప్యూటర్ అక్షరాలను బొమ్మలుగా కాక అంకెలుగా దాచుకుంటుంది. ప్రపంచ భాషలన్నింటికీ ఇలా అంకెలు కేటాయించిన పద్ధతి పేరు యూనికోడ్. అందులో తెలుగు 'క' అంకె 0సీ15. హిందీ 'క' అంకె 0915. చివరి రెండు అంకెలు ఒకటే కావడం కాకతాళీయం కాదు. మన దేశంలో అంతకు ముందు చేసిన ఇస్కీ అనే ప్రమాణాన్ని అనుసరించి భారతీయ లిపులను ఒకే వరుసలో పేర్చారు. మలయాళం 'క' కూడా 0డీ15. మీరు కేరళలో చదివినా హర్యానాలో చదివినా ఈ వరుస ఒకటే.

అంకె ఫైలులో ఉంటుంది. ఆ అంకెకు ఆకారం ఇచ్చేది ఫాంట్. ఫాంట్ ఫైలులో ఉండదు, కంప్యూటర్‌లో ఉంటుంది. ఇంట్లో ఉన్న ఫాంట్ స్కూల్లో లేకపోతే కంప్యూటర్‌కు అంకె తెలుస్తుంది కానీ ఆకారం తెలియదు. అప్పుడు డబ్బా గీసి ఊరుకుంటుంది. కుటుంబం బదిలీ అయి, సామాను పాత ఇంట్లోనే ఉండిపోయినట్టన్నమాట.

తెలుగు చెడిపోవడం మూడు రకాలుగా ఉంటుంది. తెర మీద ఏం కనిపిస్తోందో చూస్తే జబ్బు ఏమిటో తెలిసిపోతుంది.

మొదటిది, డబ్బాలు. అంటే ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటే లేదు. లినక్స్ కంప్యూటర్లలో, చాలా పాత విండోస్‌లలో ఇలా జరుగుతుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల యూఐ అనే తెలుగు ఫాంట్లు వచ్చాయి. లినక్స్‌లో లోహిత్ తెలుగు అనేది ఉంటుంది. ఇంట్లో నిర్మల యూఐతో రాసి, విండోస్ 7 ఉన్న స్కూలుకు తెస్తే సాధారణంగా గౌతమి దాని స్థానంలోకి వస్తుంది. డబ్బాలు రావు కానీ అక్షరాల వెడల్పు మారి, వాక్యం పెట్టె దాటి కిందికి జారుతుంది. అందుకే ప్రతి పెట్టెలో నాలుగో వంతు ఖాళీ వదలడం మంచిది.

రెండోది, తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అంటే అది యూనికోడ్‌లో రాయలేదు. అను, శ్రీలిపి వంటి పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదే తెలుగు ఆకారాలను కప్పి చూపించేవి. ఆ ఫాంట్ ఉన్న చోట తెలుగు, లేని చోట పిచ్చి గీతలు. ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు చేసే దుకాణాల్లో టైపు చేయించుకుంటే ఈ ఇబ్బంది వస్తుంది. దీనికి మందు ఒకటే. టైపు చేయించేటప్పుడే "యూనికోడ్‌లో కావాలి" అని అడగండి.

మూడోది, అక్షరాలు వస్తాయి కానీ గుణింతాలు, ఒత్తులు విడిపోతాయి. 'శ్రీ' అన్న అక్షరం మనకు ఒకటిగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో అది నాలుగు అంకెలు: శ, పొల్లు, ర, దీర్ఘం గుడి. ఈ నాలుగింటినీ కలిపి ఒకే ఆకారంగా అల్లే పని విండోస్‌ది. ఎక్స్‌పీలో ఆ సదుపాయం మొదట ఆపి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో 'రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్'లోకి వెళ్లి, లాంగ్వేజెస్ కింద 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అని ఉన్న గడిలో టిక్ పెట్టాలి. దానికి ఎక్స్‌పీ సీడీ అడగవచ్చు. ఈ పని ల్యాబ్ సార్‌తో చేయించండి.

ఫాంట్‌ను వెంట తీసుకువెళ్లే దారులు మూడు.

ఒకటి, ఫైలులోనే దాచడం. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ వరుసగా నొక్కితే కింద 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' అని ఉంటుంది. అక్కడ టిక్ పెట్టి, 'అన్ని అక్షరాలూ' అన్నది ఎంచుకోండి. ఫాంట్ చేసినవారు అనుమతి ఇచ్చి ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఇంప్రెస్‌లో తెరిస్తే పనిచేస్తుందని నమ్మకండి.

రెండు, ఫాంట్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లడం. మండలి, గురజాడ, రామభద్ర, మల్లన్న వంటి తెలుగు ఫాంట్లు అందరూ ఉచితంగా వాడుకుని పంచుకునే లైసెన్స్‌తో దొరుకుతాయి. మండలి పాఠానికి, రామభద్ర శీర్షికలకు బాగుంటాయి. స్కూలు కంప్యూటర్‌లో ఫాంట్ వేయడానికి పాస్‌వర్డు అడగవచ్చు. కార్యక్రమం రోజున కాక ముందు రోజే అడిగి వేయించుకోండి.

మూడు, తెలుగు మాటలను బొమ్మగా మార్చడం. పెట్టెను కట్ చేసి, 'పేస్ట్ స్పెషల్'లో పీఎన్‌జీ అన్న బొమ్మ రకం ఎంచుకుని అతికించండి. ఇక ఏ కంప్యూటరైనా దాన్ని ఫోటోలాగే చూపిస్తుంది. తరువాత అక్షర దోషం దిద్దలేరు కనుక ముందు ఒక మామూలు ప్రతి దాచుకుని, దోషాలు చూసుకుని, ఆపైన బొమ్మగా మార్చండి.

టైపు చేయడం గురించి ఒక మాట. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వరుస వస్తుంది. దీనిలో 'క' ఎప్పుడూ కె మీట మీదే. 'ప' హెచ్ మీద, 'ర' జె మీద, 'త' ఎల్ మీద, పొల్లు డి మీద ఉంటాయి. హిందీకి, కన్నడకు, బెంగాలీకి కూడా ఇవే చోట్లు. ఒక భాషకు చేతులు అలవాటైతే మరో భాషకు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు. రెండు మూడేళ్లకోసారి కొత్త రాష్ట్రానికి వెళ్లే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే విద్య మరొకటి ఉండదనిపిస్తుంది. ఇది కష్టమనుకుంటే ఫోనులో తెలుగులో టైపు చేసి, ఈమెయిల్‌లో మీకు మీరే పంపుకుని, స్లైడ్‌లో అతికించుకోవచ్చు.

బొమ్మల బరువు

ఫోను కెమెరాలో తీసిన ఒక ఫోటో 4000 అడ్డం, 3000 నిలువు చుక్కలతో ఉందనుకోండి. మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. ఫైలుగా అది 4 ఎంబీయే కనిపించవచ్చు. కానీ తెర మీద చూపించాలంటే కంప్యూటర్ దాన్ని విప్పాలి. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్ల చొప్పున దాదాపు 36 ఎంబీ ర్యామ్ పడుతుంది. అలాంటివి పది ఫోటోలు పెడితే 360 ఎంబీ. ల్యాబ్ కంప్యూటర్‌లో మొత్తం ర్యామ్ 1 జీబీ అయితే, విండోస్ తన పని తాను చేసుకోగా మిగిలింది చాలదు. అప్పుడే తెర బిగుసుకుపోతుంది.

మరి ప్రొజెక్టర్ చూపించగలిగేది ఎంత? చాలా పాత ప్రొజెక్టర్లు 1024 అడ్డం, 768 నిలువు చుక్కలే వేస్తాయి. అంటే 8 లక్షల లోపే. మీరు పంపిన చుక్కల్లో పదిహేనింటిలో ఒకటి మాత్రమే గోడ మీద పడుతుంది. మిగిలినదంతా అనవసరపు బరువు.

కాబట్టి ఫోటోను స్లైడ్‌లో పెట్టకముందే పెయింట్‌లో తెరిచి, 'రీసైజ్' నొక్కి, అడ్డం 1024 చుక్కలకు తగ్గించండి. అసలు ఫోటోను అలాగే ఉంచి, తగ్గించినదానికి వేరే పేరు పెట్టండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఫోటో మీద నొక్కి, పైన వచ్చే ఫార్మాట్ పట్టీలో 'కంప్రెస్ పిక్చర్స్' ఎంచుకోండి. అక్కడ 'డిలీట్ క్రాప్‌డ్ ఏరియాస్' గడిలో టిక్ ఉందో లేదో చూడండి. క్రాప్ చేసి తీసేశామనుకున్న భాగం కూడా ఆ టిక్ పెట్టేదాకా ఫైలులోనే దాగి ఉంటుంది. బరువే కాదు, మీరు చూపించకూడదనుకున్న మనిషి ముఖమో, ఇంటి చిరునామానో అందులో ఉండిపోవచ్చు.

పాట, వీడియో

పవర్‌పాయింట్ 2007, అంతకు ముందువి వీడియోను తమలో దాచుకోవు. అది ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ చిరునామా మాత్రమే రాసుకుంటాయి. పీపీటీ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వస్తే వీడియో ఇంట్లోనే ఉండిపోతుంది. 2010 నుంచి వీడియో ఫైలులోనే ఉంటుంది, కానీ అలా దాచినది 2007లో ఆడదు. అందువల్ల మొదటే ఒక ఫోల్డర్ చేసి, పీపీటీ, వీడియో, పాట అన్నీ అందులో పెట్టి, ఆ తరువాతే స్లైడ్‌లోకి చేర్చండి. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయండి. 'ప్యాకేజ్ ఫర్ సీడీ' అన్న సదుపాయంలో 'కాపీ టు ఫోల్డర్' నొక్కితే ఈ పని పవర్‌పాయింటే చేసిపెడుతుంది.

పాత విండోస్ కంప్యూటర్లకు డబ్ల్యూఎమ్‌వీ రకం వీడియో, వేవ్ రకం పాట బాగా పడతాయి. ఫోనులో వచ్చే ఎమ్‌పీ4 అన్ని చోట్లా ఆడదు. పాత కంప్యూటర్ మీద రెండు నిమిషాల కన్నా పెద్ద వీడియో పెట్టకపోవడమే మేలు. స్లైడ్‌లో ఆడకపోయినా, విడిగా వీడియో ప్లేయర్‌లో ముందే తెరిచి సిద్ధంగా ఉంచుకోవచ్చు.

స్లైడ్ తయారీలో జాగ్రత్తలు

పవర్‌పాయింట్ 2013 నుంచి కొత్త స్లైడ్ 16:9 కొలతలో, వెడల్పుగా వస్తుంది. పాత ప్రొజెక్టర్ 4:3 కొలతలో ఉంటుంది. వెడల్పు స్లైడ్‌ను దాని మీద వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి, అక్షరాలు చిన్నవవుతాయి. మొదలుపెట్టేటప్పుడే డిజైన్ పట్టీలో 'స్లైడ్ సైజ్' నొక్కి 'స్టాండర్డ్ 4:3' పెట్టుకోండి. అంతా చేశాక మారిస్తే బొమ్మలు సాగిపోవచ్చు.

పాత ప్రొజెక్టర్ దీపం వెలుతురు తగ్గి ఉంటుంది. లేత రంగు నేల మీద ముదురు అక్షరాలు పెట్టండి. పసుపు మీద తెలుపు, ఎరుపు మీద నీలం వద్దు. అక్షరాల సైజు 28కి తగ్గకూడదు. తెలుగులో పైన గుణింతాలు, కింద ఒత్తులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఎడం 1.2 ఉంచితే ఒకదాని మీద ఒకటి ఎక్కవు. చిన్న అక్షరాలను బోల్డ్ చేస్తే 'థ', 'ధ' వంటివి పూడుకుపోయి తేడా తెలియదు.

యానిమేషన్లలో 'అపియర్', 'ఫేడ్' చాలు. గిర్రున తిరిగేవి, ఎగిరి వచ్చేవి పాత కంప్యూటర్‌ను అలసిపోయేలా చేస్తాయి. 'మార్ఫ్' వంటి కొత్త సొగసులు పాత పవర్‌పాయింట్‌కు తెలియవు, వాటి చోట మామూలు ఫేడ్ వస్తుంది.

ప్రొజెక్టర్ దగ్గర

తెర మీద ఏమీ రాకపోతే భయపడకుండా ఈ వరుసలో చూడండి. కేబుల్ రెండు చివరలా బిగించి ఉందా? ప్రొజెక్టర్ మీద 'సోర్స్' బటన్ నొక్కి కంప్యూటర్ ఎంచుకున్నారా? విండోస్ 7, ఆ తరువాతవి అయితే విండోస్ మీటతో పాటు 'పి' నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి. పాత ల్యాప్‌టాప్‌లలో 'ఎఫ్ఎన్' మీట పట్టుకుని తెర గుర్తు ఉన్న మీట నొక్కాలి.

'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తే కంప్యూటర్ ఎక్కువ చుక్కలు పంపుతోందని అర్థం. డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి, స్క్రీన్ రిజల్యూషన్‌ను 1024 × 768కి తగ్గించండి. బొమ్మంతా పసుపుగానో గులాబీ రంగుగానో ఉంటే, నీలం రంగు వీజీఏ కేబుల్‌లో ఒక రంగు తీగ అందడం లేదన్నమాట. దానిలో 15 పిన్నులు ఉంటాయి. బలవంతంగా తోయకుండా తీసి, ఏ పిన్నూ వంగలేదని చూసి, మళ్లీ పెట్టి, రెండు మరలూ బిగించండి. వీజీఏ కేబుల్ బొమ్మనే తీసుకువెళ్తుంది, శబ్దాన్ని కాదు. పాట వినిపించాలంటే స్పీకర్‌కు వేరే తీగ కావాలి.

స్లైడ్ షో మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఎఫ్5, ఉన్న స్లైడ్ నుంచి అయితే షిఫ్ట్‌తో ఎఫ్5. మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే 'బి' నొక్కండి, తెర నల్లబడుతుంది, అందరూ మీ వైపు చూస్తారు. మళ్లీ నొక్కితే వస్తుంది. ఏడో స్లైడ్‌కు వెళ్లాలంటే 7 నొక్కి ఎంటర్ కొట్టండి. అందుకే ఏ నంబరులో ఏముందో చిన్న చీటీ మీద రాసుకోండి.

అయ్యాక ప్రొజెక్టర్‌ను దాని బటన్‌తో ఆపి, ఫ్యాను ఆగేదాకా ప్లగ్గు తీయకండి. వేడి దీపం త్వరగా పాడవుతుంది. మీ తరువాత వచ్చే తరగతికి కూడా అది కావాలి.

మధ్యలో ఆగిపోతే

తెర మీద 'నాట్ రెస్పాండింగ్' అని వస్తే పది సార్లు క్లిక్ చేయకండి. ప్రతి క్లిక్కూ ఆ కంప్యూటర్‌కు మరో పని. ఒక నిమిషం ఆగండి. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పవర్‌పాయింట్‌ను ఆపి, మళ్లీ తెరవండి. పని చేస్తుండగా ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు కోల్పోయిన ప్రతిని అదే చూపిస్తుంది. మామూలుగా పది నిమిషాలకోసారి అది తనంతట దాచుకుంటుంది. దాన్ని నమ్ముకోకుండా ప్రతి స్లైడ్ తరువాత కంట్రోల్, ఎస్ నొక్కే అలవాటు చేసుకోండి.

పవర్‌పాయింటే తెరుచుకోకపోతే, కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని దాని గుర్తు మీద రెండుసార్లు నొక్కండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది. అవునంటే అదనపు హంగులేవీ లేకుండా తెరుచుకుంటుంది.

ఫైలు పాడైందని వస్తే, ఓపెన్ బటన్ పక్క బాణం నొక్కి 'ఓపెన్ అండ్ రిపేర్' ప్రయత్నించండి. అదీ కాకపోతే కొత్త ఖాళీ పీపీటీ తెరిచి, 'రీయూజ్ స్లైడ్స్' ద్వారా పాత ఫైలులోని స్లైడ్లను ఒక్కొక్కటే తెచ్చుకోండి. ఇంకో రహస్యం ఉంది. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని కాపీ తీసి, చివరి అక్షరాలను '.జిప్'గా మార్చి తెరిస్తే లోపల పీపీటీ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్ ఉంటాయి. మీరు పెట్టిన ఫోటోలన్నీ అక్కడ దొరుకుతాయి.

పెన్‌డ్రైవ్ మీద నుంచే స్లైడ్లు నడపకండి. ముందు డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసుకుని, అక్కడి నుంచి తెరవండి. ఎవరైనా తెలియక పెన్‌డ్రైవ్ లాగేస్తే పని ఆగిపోతుంది. ఫోల్డర్ల బదులు షార్ట్‌కట్ గుర్తులే కనిపిస్తే అది వైరస్ పని. వాటి మీద నొక్కకుండా ల్యాబ్ సార్‌కు చూపించండి. ఫైళ్లు చాలావరకు పోవు, దాగి ఉంటాయంతే.

ఈమెయిల్ తెరుద్దామంటే 'కనెక్షన్ సురక్షితం కాదు' అని వస్తోందా? తెర మూలలో తేదీ చూడండి. ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ ఉంటే, మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బిళ్ల అయిపోయిందన్నమాట. కరెంటు తీసేసినప్పుడు తేదీని గుర్తుంచుకునేది ఆ 3 వోల్టుల బిళ్లే. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలు ఉంటాయి. కంప్యూటర్ తేదీ తప్పైతే అది మంచి సైటును కూడా నమ్మదు. ప్రస్తుతానికి తేదీ దిద్దుకోండి, బిళ్ల మార్చమని చెప్పండి.

ముందు రోజు చూసుకోవలసినవి

1. ఒక ఫోల్డర్‌లో పీపీటీఎక్స్, 97-2003 పీపీటీ, పీడీఎఫ్ మూడూ ఉన్నాయా?
2. తెలుగు ఫాంట్ ఫైలు, వీడియో, పాట అదే ఫోల్డర్‌లో ఉన్నాయా?
3. ఫైలు పేరులో మీ తరగతి, రోల్ నంబరు ఉన్నాయా? ల్యాబ్‌లో 'ప్రాజెక్ట్' అనే పేరుతో ముప్పై ఫైళ్లు ఉంటాయి.
4. ఈమెయిల్‌లో మరో ప్రతి ఉందా?
5. చూపించబోయే కంప్యూటర్ మీదే ఒకసారి మొదటి నుంచి చివరి దాకా నడిపి చూశారా?
6. స్లైడ్ నంబర్ల చీటీ, చెప్పవలసిన మాటల కాగితం జేబులో ఉన్నాయా?

ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు కూడా మనలో ఉన్నారు. వాళ్లు ల్యాబ్ పీరియడ్‌లోనే మొత్తం చేసుకోవాలి. ఒక విధంగా వాళ్లదే సుఖం. చేసిన కంప్యూటర్ మీదే చూపిస్తారు కనుక సగం ఇబ్బందులు రావు. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టులో అలాంటి స్నేహితునికి ల్యాబ్ పని అప్పగించండి.

కరెంటు పోతే? అప్పుడు ఆ కాగితమే ఆధారం. కొండపల్లి బొమ్మ గురించి చెప్పాలనుకుంటే ఇంట్లో ఉన్న బొమ్మను సంచిలో వేసుకుని రండి. లేపాక్షి గురించి అయితే ఒక చార్టు మీద వేలాడే స్తంభం గీసుకుని రండి. వినడానికి వచ్చినవాళ్లు స్లైడ్ల కోసం కాదు, మీ ఊరు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి వచ్చారు.

చివరిగా ఒక పని చేయమని అడుగుతాను. మీ స్కూలు ల్యాబ్‌లో ఏ కంప్యూటర్‌లో ఏ విండోస్, ఏ ఆఫీస్, ఏ తెలుగు ఫాంట్ ఉన్నాయో మీరు కనుక్కున్నది ఒక కాగితం మీద రాసి, సార్ అనుమతితో అక్కడే అంటించండి. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి మీరు వెళ్లిపోతారు. ఆ సీటులోకి ఎక్కడి నుంచో మరో తెలుగు పిల్లో, తమిళ పిల్లాడో వస్తారు. మొదటి రోజే వాళ్ల అక్షరాలు తెర మీద సరిగా కనిపించడానికి ఆ కాగితం ఉపయోగపడుతుంది.